సత్రము నడిపిన యూదుడు, పొరుగున ఉన్న క్రైస్తవుడు



ఇట్టి కూటములలో మన మిషనెరీలను గూర్చియు, మన తొలి సంఘములను గూర్చియు చెప్పువారు అనేకులు ఉన్నారు. మాకు ఇయ్యబడిన సమయములో మేము వేరొక సంగతి చెప్పదలచితిమి. యూదులు అనగానే మనకు పరిశుద్ధ గ్రంథములోని వారే జ్ఞాపకము వచ్చెదరు. అబ్రాహాము, దావీదు, పరిసయ్యులు, అంతే. అపొస్తలుల కార్యముల గ్రంథము ముగిసిన తరువాత ఆ జనులు ఎక్కడ కాపురముండిరి, ఏ పని చేసి పిల్లలను పోషించుకొనిరి, పొరుగున ఉన్న క్రైస్తవులు వారితో ఎట్లు మెలగిరి అని మనము అడుగము. ఈ చివరి ప్రశ్న క్రీస్తు పేరు ధరించిన వారిని గూర్చినది గనుక, మనము దానిని దాటిపోరాదని మా తలంపు.

18వ శతాబ్దములో లోకమందలి యూదులలో మిక్కిలి పెద్ద సమూహము పోలండు లిథువేనియా రాజ్యములో నివసించెను. నేటి పోలండు, లిథువేనియా, బెలారస్, ఉక్రెయిన్ దేశములలో చాల భాగము అప్పుడు ఆ రాజ్యములోనిదే. అక్కడి చిన్న పట్టణములలో నడుమ సంత జరుగు బయలు, దాని చుట్టు యూదుల అంగళ్లు, ఒక ప్రక్క క్రైస్తవ దేవాలయము, కొంచెము దూరమున సమాజమందిరము ఉండెడివి. పల్లెలలోనైతే తరచు ఒకటి రెండు యూదు కుటుంబములే. ఆ కుటుంబము సాధారణముగా ఊరి సత్రములో ఉండెడిది. సత్రమనగా ధర్మసత్రము కాదు. సారాయి అమ్ముచోటు, బాటసారులు రాత్రి పండుకొనుచోటు, గుఱ్ఱములను కట్టివేయుచోటు, అన్నియు ఒకే కప్పు క్రింద. రైతు ఆదివారము ఆరాధన ముగించుకొని నేరుగా అక్కడికే వచ్చును. పెండ్లి విందు అక్కడే, బాప్తిస్మపు విందు అక్కడే, సంతలో పశువు బేరము కుదిరినను అక్కడే గిన్నె ఎత్తవలెను. గోడకు ఆవలి ప్రక్క యూదుని భార్య బిడ్డలు నిద్రించుచుండిరి. అనేక చోట్ల సారాయి కొలిచి పోయుట, లెక్క చూచుట ఆ ఇల్లాలి పనియే.

ఇప్పుడు అసలు సంగతికి వచ్చెదము. ఆ సత్రము యూదునిది కాదు. ఆ దేశములో సారాయి కాచుటకును అమ్ముటకును హక్కు జమీందారులకే ఉండెను. దానిని ప్రొపినాట్సియా అనిరి. ఆ హక్కును ఏండ్ల చొప్పున కౌలుకు ఇచ్చుటను అరెండా అనిరి. మన పెద్దలు ఎరిగిన అబ్కారీ వేలముపాటను తలంచుకొనినయెడల ఇది సులువుగా బోధపడును. ధాన్యమును నదుల మీదుగా దూర దేశములకు పంపి అమ్ముట గిట్టుబాటు కాకపోగా, జమీందారులు ఆ ధాన్యమునే వోడ్కాగా కాచి తమ రైతులకే అమ్మిరి. రాజుగారి భూములలో 1564లో ఈ సారాయి రాబడి ఒక శాతమైనను లేదు. 1789 నాటికి అది సుమారు 40 శాతము. ఆ రైతు భూమికి కట్టుబడిన వెట్టివాడు, తన జమీందారుని సత్రములో తప్ప మరియొకచోట త్రాగుటకు అతనికి సెలవు లేదు.

మరి యూదునికే ఏల కౌలు ఇచ్చిరి? అతడు లెక్క వ్రాయగలడు, అమ్మకమునకు పెట్టిన సరకు తానే త్రాగివేయడని పేరుపొందెను. అతనికి అధికారమును లేదు, అండయు లేదు గనుక, కౌలు బాకీపడినయెడల అతనిని ఏమి చేసినను అడుగువారు లేరు. మా దృష్టికి ఈ కడపటి కారణమే బలమైనది.

విశ్రాంతి దినమున అతడు వ్యాపారము చేయరాదు, జమీందారుడు సత్రము మూయనియ్యడు. అందువలన కొందరు క్రైస్తవుని భాగస్థునిగా చేర్చుకొని, శనివారపు లాభము అతనికిని, ఆదివారపు లాభము తమకును ఉండునట్లు ముందుగానే ఒప్పందము చేసికొనిరి. పస్కా పండుగ ఇంకను కష్టము. ధాన్యపు సారాయి పులిసిన పదార్థమే గదా, ఆ దినములలో అది యూదుని స్వాధీనములో ఉండరాదు. పీపాలన్నిటిని వీధిలో పారబోసినయెడల కుటుంబము నాశనమగును. 1640లో మృతిపొందిన యోవేల్ సిర్కెస్ అను పోలండు దేశపు రబ్బీ ఒక మార్గము చూపెను. సరకును, అది ఉన్న గదిని కలిపి పొరుగున ఉన్న అన్యునికి క్రయమియ్యవచ్చును, పండుగ తరువాత మరల కొనవచ్చును. ఆ పొరుగువాడు సాధారణముగా క్రైస్తవుడే. ఆలోచించుడి, తన సంవత్సరపు బ్రదుకంతయు ఎనిమిది దినములు పొరుగువాని పేరున ఉంచి, ఆ యూదుడు పులియని రొట్టెకు కూర్చుండెను. ఇట్టి నమ్మకము బోధకులు నేర్పినది కాదు, ఒకే బావినీళ్లు త్రాగుటవలన కలిగినది.

అయినను ఆ జీవితమును తియ్యగా చెప్పుట న్యాయము కాదు. సొలొమోన్ మైమోన్ అను తత్వవేత్త 1792, 1793 సంవత్సరములలో ప్రకటించిన స్వీయచరిత్రలో, లిథువేనియాలో కౌలుదారుడైన తన తాతను గూర్చి వ్రాసెను. ఆ ఊరి వంతెన శిథిలమైయుండెను. బాగుచేయించవలసినది జమీందారుడు. గొప్పవారి బండి గాని గుఱ్ఱము గాని దానిలో దిగబడినప్పుడెల్ల, కౌలుదారుని ఈడ్చుకొనివచ్చి కొరడాలతో కొట్టిరి. గొప్పవారు వచ్చుచున్నారని వినగానే ఇల్లు విడిచి అడవిలో దాగుట ఆ కుటుంబమునకు అలవాటాయెను.

ఆ గ్రంథములోని మరియొక సంగతి మావంటి పాదిరులకు వినుటకు కష్టము, అయినను చెప్పెదము. ఆ ఊరి క్రైస్తవ యాజకుడు దినమెల్ల సత్రములో త్రాగుచు పద్దు వ్రాయించుకొనుచుండెను, చెల్లించుట మాత్రము లేదు. తాత విసిగి ఇక అరువు లేదనెను. యాజకుడు పగబట్టెను. నీటిలో దొరికిన ఒక శవమును ఒక వేటగాడు పాతిపెట్టుటకై అతనియొద్దకు తెచ్చినప్పుడు, దానిని గోనెలో కట్టించి, పెద్ద నీటికుక్క అని చెప్పి రాత్రివేళ యూదుని ఇంట దించునట్లు ఆ వేటగానికి నేర్పెను. తరువాత అధికారులతో వచ్చి సోదా చేయించెను. యూదులు క్రైస్తవులను చంపుదురను పాత అబద్ధము సిద్ధముగానే ఉండెను. తాతను సంకెళ్లతో బంధించి మూడు మారులు చిత్రహింస పెట్టిరి, అతడు చేయని నేరము ఒప్పుకొనలేదు. చివరకు వేటగాడు దొరికి నిజము చెప్పగా విడుదలయాయెను. అతడు ఆ సంగతినంతటిని హెబ్రీ భాషలో కావ్యముగా వ్రాసి, ఏటేట ఆ దినమున ఇంటివారందరు చదువవలెనని కట్టడచేసెను. పూరీములో ఎస్తేరు గ్రంథమును చదువునట్లే.

సారాయి బాకీ కొరకు ఒక మనుష్యుని ప్రాణము మీదికి తెచ్చినవాడు బలిపీఠము నొద్ద నిలుచు యాజకుడు. పెద్దలు పలికిన మాటయు దీనికి దూరము కాదు. 1751లో పోపు పదునాలుగవ బెనెడిక్టు పోలండు బిషప్పులకు వ్రాసిన లేఖలో, సత్రములు యూదుల చేతిలో నున్నవనియు, క్రైస్తవులు వారి క్రింద పనిచేయుచున్నారనియు మొరపెట్టెను. తరువాత ప్రభుత్వములును ఆ త్రోవనే పోయినవి. పోలండును మూడు సామ్రాజ్యములు పంచుకొనుచుండగా, 1780లలో ఆస్ట్రియా, 1804 శాసనముచే రష్యా, పల్లెలలో యూదులు సారాయి అమ్మరాదని ఆజ్ఞాపించినవి. రైతు త్రాగుడుకు యూదుడే కారణమట! సారాయి కాచుట మాత్రము ఆగలేదు. రాబడి తినుటయు ఆగలేదు.

ఆజ్ఞలు వచ్చిన తరువాత జరిగినది చరిత్రకారుడు గ్లెన్ డిన్నర్ పోలండు దేశపు పాత కాగితములలో వెదకి చూపెను. అనేక చోట్ల సత్రపు అనుమతి క్రైస్తవుని పేరున ఉండెను, లోపల పీపా ప్రక్కన నిలిచినవాడు వెనుకటి యూదుడే. జమీందారులు తమ లాభము కొరకు చూచీ చూడనట్లుండిరి, అది నిజమే. అయితే పేరు అరువిచ్చిన పొరుగువాడు ఒక్క మాట అధికారి చెవిని వేసినయెడల ఆ కుటుంబము వీధిపాలగును. ఆ మాట చెప్పకయే ఏండ్ల తరబడి ఉన్నవారు ఉండిరి.

త్రాగుడును నిజముగా ఎదిరించినవారు సంఘములో లేకపోలేదు. 1858లో లిథువేనియాలో బిషప్ వలాంచియుస్ మద్యపాన విసర్జన సహోదరత్వమును స్థాపించి, త్రాగువానితోనే ప్రమాణము చేయించెను. జనులు వేలకొలదిగా చేరిరి. 1864లో రష్యా ప్రభుత్వము దానిని నిషేధించెను. రైతులను త్రాగుడునుండి కాపాడుటకని యూదుని వెళ్లగొట్టిన ప్రభుత్వమే!

ఆ పట్టణములలో ఇప్పుడు యూదులు దాదాపు లేరు. 1939 నుండి 1945 వరకు జరిగిన యుద్ధములో నాజీలు వారిని చంపిరి. కొందరు పొరుగువారు దాచిరి, కొందరు పట్టియిచ్చిరి. ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయములోని ఆజ్ఞ చొప్పున యూదులు వాక్యమును వ్రాసి ద్వారబంధమునకు ఏటవాలుగా బిగించుకొందురు. సంత బయలు చుట్టు నిలిచియున్న పాత ఇండ్లలో కొన్నిటి ద్వారబంధముల మీద ఆ ఏటవాలు గాడి, రంగు పూసినను, నేటికిని కనబడుచున్నది. ఆ ఇండ్లలో ఇప్పుడు క్రైస్తవులు కాపురమున్నారు.