జుట్టు నాటించుకున్నవారి తిరుగు ప్రయాణం – ఇంటివారికి కొన్ని మాటలు
(ఔట్ పేషెంట్ హాలులో రోగుల బంధువులకు చేసిన ప్రసంగ పాఠం)



టోకెన్ నంబరు పిలిచేదాకా ఎలాగూ ఈ బెంచీల మీద కూర్చోవాలి కాబట్టి ఓ పావుగంట నా మాటలు వినండి. పోయిన నెల షుగరు ఉన్నవారి కాలి పుండ్ల గురించి చెప్పుకున్నాం. ఈసారి విషయం చెబితే కొందరు నవ్వుతారు. బట్టతల మీద జుట్టు నాటించుకుని ఊరికి తిరిగి వచ్చేవారి గురించి. మన ఆసుపత్రిలో ఆ ఆపరేషన్ చేయరు కదా, ఈ సిస్టరుకెందుకీ గొడవ అంటారేమో. చేసేది హైదరాబాదులోనో విశాఖపట్నంలోనో అయినా, ఊరు చేరిన మూడో రోజు మొహం వాచిపోయి వచ్చేది మాత్రం మన క్యాజువాలిటీకే.

సంక్రాంతి ముందు ఒక అబ్బాయి అలాగే వచ్చాడు. ఇరవై ఎనిమిదేళ్లుంటాయి. ఇంట్లో కంపెనీ పని అని చెప్పి వెళ్లాడట. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆపరేషన్, ఆ రాత్రికే బస్సు. అదీ స్లీపరులో పై బెర్తు. నిద్రలో తల కిటికీ అద్దానికీ ఇనుప కమ్మీకీ రాసుకుంటూనే వచ్చింది. తెల్లవారి బస్సు దిగాక స్నేహితుడి బండి మీద ఇంటికి. తల ఎవరికీ కనపడకూడదని బిగుతుగా హెల్మెట్టు. మూడో రోజుకు కళ్లు మూసుకుపోయేంత వాపు. తల్లి మొదట దిష్టి తగిలిందనుకుంది. తర్వాత ఎవరో కొట్టి ఉంటారనుకుంది. తల మీద చెక్కులు చూసి పసుపూ కొబ్బరినూనె కలిపి పట్టించింది. అప్పటికీ ఆ పిల్లవాడు నోరు విప్పలేదు. మా దగ్గర పరదా లాగి, తల్లిని బయట కూర్చోబెట్టాకే అసలు సంగతి చెప్పాడు. ఏ మందులిచ్చారో, ఏ ఇంజెక్షన్లు చేశారో తెలిపే కాగితం ముక్క ఒక్కటి కూడా అతని దగ్గర లేదు.

నిజం చెప్పాలంటే నేనూ మనసులో నవ్వుకున్నాను. జుట్టు కోసం ఇంత అవస్థా అని. డ్రెస్సింగ్ చేస్తుంటే, "ఫొటో చూసి మూడు సంబంధాలు వెనక్కి పోయాయి సిస్టర్" అన్నాడు. ఆ తర్వాత నాకు నవ్వు రాలేదు. ఇంట్లో వేళాకోళం చేస్తారని దాచాడు. దాచాడు కనుకే రాత్రి బస్సు, దాచాడు కనుకే హెల్మెట్టు, దాచాడు కనుకే పసుపు. నాలుగు రోజులు వార్డులో ఉంచాం. చీము పట్టిన చోట నాటినవి పోయాయి గాని, దేవుని దయవల్ల అంతకు మించి ఏమీ కాలేదు. అందుకే ఈ మాటలు చేయించుకునేవారికన్నా మీకు, ఇంటివారికి, చెప్పాలనిపించింది.

ముందు ఆ ఆపరేషన్ ఏమిటో తెలుసుకోండి. తల వెనుక భాగంలో జుట్టు సాధారణంగా రాలదు. అక్కడి నుంచి వెంట్రుకలను కుదుళ్లతో సహా తీసి, ముందు బట్టతల మీద సన్నని గాట్లు పెట్టి ఒక్కొక్కటే నాటుతారు. కొందరికి ఒక్కో కుదురూ విడివిడిగా తీస్తారు, కొందరికి వెనుక నుంచి సన్నని చర్మపు పట్టీ కోసి కుట్లు వేస్తారు. రెండు మూడు వేల కుదుళ్లు నాటడం మామూలే. మనిషి మెలకువగానే ఉంటాడు, తలకు మాత్రం తిమ్మిరి ఇంజెక్షన్లు ఇస్తారు.

మీలో వ్యవసాయం చేసేవారికి విడమరచి చెప్పనవసరం లేదు. నారు పీకి నాటు వేసిన మర్నాడు మడిలోకి గేదె దిగితే ఏమవుతుంది? ఇదీ అంతే. మొదటి మూడు రోజులు కుదురు అతి సున్నితం. చిన్న దెబ్బకు, గోటి గీతకు ఊడి వచ్చేస్తుంది. వారం పది రోజులకు వేరు పట్టినట్టు నిలబడుతుంది. కాబట్టి ఈ పది రోజుల్లో చేసే ప్రయాణమే ప్రమాదం. రెండు వేల చిన్న చిన్న గాయాలున్న తల అది. దాన్ని ఆపరేషన్ అయిన మనిషి తలగానే చూడాలి గాని, అలంకారం చేయించుకున్న తలగా కాదు.

అన్నిటికన్నా ముందు, ఆపరేషన్ అయిన రాత్రి బయలుదేరనివ్వకండి. మత్తు, నీరసం, కళ్లు తిరగడం ఆ రోజంతా ఉండవచ్చు. రక్తం చెమరించవచ్చు. మర్నాడో ఆ మర్నాడో కట్టు విప్పి, తల ఎలా కడగాలో వాళ్లే చూపిస్తారు. అది అయ్యేదాకా దగ్గరలో లాడ్జిలోనో బంధువుల ఇంట్లోనో ఉండటం మంచిది. లాడ్జి ఖర్చు దండగ అనుకుంటారు గాని, ఆపరేషన్‌కు అంత డబ్బు పోసినవారు ఈ రెండు రోజుల దగ్గర పిసినారితనం చేయడం నాకు అర్థం కాదు. ఒంటరిగా పంపకండి. తమ్ముడో బావమరిదో, ఎవరో ఒకరు పక్కన ఉండి సామాను మోయాలి. కుట్లు వేసినవారు బరువెత్తితే వెనుక కుట్లు లాగుతాయి, విడిపోవచ్చు కూడా.

బస్సయితే స్లీపరు వద్దు, వెనక్కి వాలే సీటు తీసుకోండి. చక్రాల మీద, చివరి వరుసలో కాకుండా మధ్యలో. పగటి ప్రయాణమైతే మరీ మంచిది, నిద్రలో తల ఎటు వాలుతుందో తెలియదు. మెడ చుట్టూ పెట్టుకునే గుర్రపు నాడా ఆకారం దిండు బజారులో దొరుకుతుంది. అది మెడకు ఆసరా ఇస్తే, వెనుక గాయం సీటుకు ఒత్తుకోదు, ముందు నాటినది అద్దానికి తగలదు. రైలయితే సైడ్ లోయర్ బెర్తు అడగండి. అక్కడ వీపు ఆనించి కాళ్లు చాపుకొని సగం కూర్చున్నట్టు పడుకోవచ్చు. మామూలు లోయర్ బెర్తులో మధ్య బెర్తు ఎత్తాక లేచేటప్పుడు తల కొట్టుకోనివారు ఎవరైనా ఉన్నారా? కారులో ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఆ పక్క మనిషి తలుపు పైఅంచుకు చెయ్యి అడ్డం పెట్టాలి. పసిబిడ్డను దింపినట్టు అనుకోండి, తప్పు లేదు.

ఇక మోటారు సైకిలు. హెల్మెట్టు పెడితే నాటినవి రాసుకుని ఊడతాయి. పెట్టకపోతే ప్రాణానికే ముప్పు, చట్ట ప్రకారం తప్పు కూడా. కాబట్టి పది పద్నాలుగు రోజులు బండి ఎక్కడమే వద్దు, డాక్టరు సరేననేదాకా. బస్టాండు నుంచి ఆటోలో తీసుకురండి, అదీ నెమ్మదిగా పొమ్మని చెప్పి.

ఎండ తగలకూడదు, దుమ్ము పడకూడదు అని తువ్వాలు చుట్టేస్తారు మన ఆడవాళ్లు. తువ్వాలు పోగులు కుదుళ్లకు చిక్కుకుంటాయి. చున్నీ, చీర కొంగు కూడా అంతే. ఆ వైద్యులు ఇచ్చిన వదులు టోపీ ఉంటే, వాళ్లు చెప్పినట్టే పెట్టాలి. చొక్కా గుండీలది వేసుకోవాలి, తల మీదుగా లాగే టీషర్టు వద్దు. తల మీద చల్లే సెలైన్ స్ప్రే ఇచ్చి ఉంటే సంచి అడుగున కాకుండా చేతికి అందేలా ఉంచండి. రైలు పెట్టెలోని కుళాయి నీళ్లు తలకు తగలనివ్వకండి. దురద పుడుతుంది, గోకనివ్వకండి. చెక్కులు పది పద్నాలుగు రోజుల్లో కడుగుతుంటే వాటంతట అవే పోతాయి. సిగరెట్టు, మందు ఆ రోజుల్లో విషంతో సమానం. స్నేహితులు వెంట వస్తే ఈ మాట వాళ్లకే ముందు చెప్పండి. నొప్పికి దారిలో మందుల షాపులో ఏదో ఒక బిళ్ల కొనివ్వకండి, ఆస్పిరిన్ లాంటివి రక్తం కారేలా చేస్తాయి. గుండె జబ్బుకు ముందే ఆస్పిరిన్ వాడుతున్నవారు మాత్రం సొంతంగా మానకూడదు, డాక్టరునే అడగాలి.

వాపు సంగతి కొంచెం జాగ్రత్తగా వినండి. రెండో రోజు నుంచి నుదుటి మీద వాపు రావడం, అది కనురెప్పల మీదికి దిగడం చాలామందికి జరుగుతుంది. చూస్తే భయమేస్తుంది గాని, రెండు వైపులా మెత్తగా ఉండి, జ్వరం లేకపోతే, తల ఎత్తుగా పెట్టి పడుకుంటే నాలుగైదు రోజుల్లో తగ్గిపోతుంది. రక్తం చెమరిస్తే శుభ్రమైన గాజు గుడ్డతో పది నిమిషాలు మెల్లగా అదిమి పట్టండి, రుద్దవద్దు. ఆగకపోతే ఆసుపత్రికి.

కాని చలి జ్వరం వచ్చినా, నొప్పి రోజురోజుకూ తగ్గకుండా పెరిగినా, ఎర్రబడి వేడిగా వ్యాపిస్తున్నా, చీము, దుర్వాసన, చర్మం నల్లబడటం కనిపించినా, కన్ను ఎర్రబడి చూపు మసకబారినా, మనిషి మగతగా ఉన్నా, ఇంటి దాకా రానివ్వకండి. దారిలో ఏ ఊరైతే ఆ ఊళ్లో దిగి దగ్గరి ఆసుపత్రికి వెళ్లండి. ఊపిరి అందకపోతే, ఫిట్స్ వస్తే 108కి ఫోను చేయండి. రైల్లో ఉంటే 139. బెదిరించడానికి చెప్పడం లేదు. 2016లో చెన్నైలో ఒక వైద్య విద్యార్థి, 2025 మార్చిలో కాన్పూర్‌లో ఒక ఇంజనీరు జుట్టు నాటించుకున్న రెండు రోజుల్లోనే చనిపోయారు. కాన్పూర్ మనిషికి మొహం బాగా వాచిందని ఇంటివారే చెప్పారు. చేసేవారు ఎవరన్నది కూడా ముఖ్యమే. పద్ధతిగా శస్త్రచికిత్స శిక్షణ పొందిన వైద్యులే ఈ పని చేయాలని, వర్క్‌షాపుల్లో, యూట్యూబులో చూసి నేర్చుకున్నది చాలదని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది. బయలుదేరే ముందే డాక్టరు పేరు, చదువు, రిజిస్ట్రేషన్ నంబరు అడిగి రాసుకోండి. అడిగితే కోపం వచ్చే చోట చేయించుకోకపోవడమే మేలు.

గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చే అబ్బాయిలు మన వైపు చాలామంది. సెలవు చివరి వారంలో ఈ పని పెట్టుకుంటారు, ఊళ్లో ఎవరూ చూడకుండా అటునుంచి అటే పోవచ్చని. విమానం గాలికి జుట్టు ఊడదు, ఆ భయం అక్కరలేదు. తల పైన సామాను అరలు, సూట్‌కేసు ఎత్తడం, గంటల తరబడి కదలకుండా కూర్చోవడం – ఇవీ ఇబ్బందులు. మధ్యమధ్య లేచి నడవాలి, నీళ్లు తాగాలి. పిక్క వాచి నొప్పి పుడితే అశ్రద్ధ చేయకూడదు. అసలు చిక్కు అక్కడ దిగాక. సైటు మీద గట్టి హెల్మెట్టు లేనిదే పనిలోకి రానివ్వరు, పైన ఆ ఎండ. అందుచేత సెలవు మొదట్లోనే చేయించుకుని, రెండు మూడు వారాలు ఇంటి దగ్గర ఉండి, డాక్టరును అడిగి వెళ్లమనండి.

ముహూర్తాల సంగతి కూడా ఇంటివారే చూసుకోవాలి. నెత్తిన జీలకర్ర బెల్లం, దోసిళ్లతో తలంబ్రాలు – పచ్చి గాయం మీద ఇవేమిటి చెప్పండి. అయ్యప్ప మాల వేసినవారు ఇరుముడి తల మీద మోస్తారు, ఆ యాత్ర ఉన్న నెలలో ఇది వద్దు. మొక్కు తీర్చుకుని తలనీలాలు ఇవ్వాలంటే కూడా కొన్ని నెలలు ఆగి, వైద్యుణ్ణి అడిగే చేయాలి. ఏ మతం వారైనా సరే, నేను చెప్పేది గాయం గురించే. ఇంకొకటి, నాటిన వెంట్రుకలు రెండు నుంచి ఆరు వారాల మధ్య చాలా వరకు రాలిపోతాయి. డబ్బంతా బూడిదలో పోసిన పన్నీరయిందని పిల్లవాణ్ణి తిట్టకండి. కుదుళ్లు లోపలే ఉంటాయి, మూడు నాలుగు నెలలకు మొలకెత్తి, పూర్తిగా రావడానికి ఏడాది పడుతుంది. అంటే వచ్చే నెల పెళ్లికి ఈ నెల చేయించుకుంటే ఫొటోలో కనిపించేది ఏమీ ఉండదు.

ఆ అబ్బాయి తల్లి డిశ్చార్జి రోజు నా దగ్గరకు వచ్చి, "నాకు చెబితే నేనే వెంట వెళ్లేదాన్ని కదా సిస్టరమ్మా" అని ఏడ్చింది. అబ్బాయి తల వంచుకు నిలబడ్డాడు. మొన్న కన్సల్టేషన్‌కు ఇద్దరూ కలిసి ఆటోలో వచ్చారు.

మీ ఇంట్లో ఎవరైనా వెళ్లే ఆలోచనలో ఉంటే ఇవాళే అడిగి తెలుసుకోండి. తిరిగి వచ్చేటప్పుడు చేసిన పని, తేదీ, ఇచ్చిన మందుల పేర్లు, డాక్టరు ఫోను నంబరు రాసిన కాగితం తప్పకుండా తెమ్మనండి. ఆ కాగితం ఉంటే వెనుక కుట్లు 10 – 14 రోజులకు మన డ్రెస్సింగ్ రూములోనే తీస్తాం, అంత దూరం మళ్లీ పోనవసరం లేదు. ఆదివారం తప్ప రోజూ ఉదయం తొమ్మిది నుంచి నేను అక్కడే ఉంటాను.