కొమ్మమీది పూవు, జిల్లేడుపై పురుగు

వానకారున అరకువైపు గాని, మారేడుమిల్లివైపు గాని వెళ్లువారు తలయెత్తి చెట్ల కొమ్మలను పరికింపవలెను. పసుపువన్నెపై గోధుమరంగు గళ్లు గల వాండా అను ఆర్కిడ్ పూవు కంటబడవచ్చును. సామర్లకోటలో మొక్కల తోటను పెంచిన విలియం రాక్స్‌బర్గ్, 1795లో కోరమండల తీరపు మొక్కలను గూర్చిన గ్రంథమున దీనిని వర్ణించి, చిత్రముతో ప్రకటించెను.

దీనిని బదనిక యని భ్రమించి కొట్టివేయువారు కలరు. బదనిక చెట్టు రసమును పీల్చును. ఆర్కిడ్‌కు కొమ్మ ఆసనమే గాని ఆహారము కాదు. మెత్తని పొర గల వేళ్లతో అది వాననీటిని గ్రహించును. ధూళివంటి దాని విత్తులో ఆహారము ఉండదు. తగిన శిలీంధ్రము తోడైనగాని అది మొలకెత్తదు. పెరికిన మొక్కకు బదులు మరియొకటి వచ్చుట సులభము కాదు.

సీతాకోకచిలుకలను వెదకువారు పూలనే గాక ఆకులను కూడ చూడవలెను. నారింజవన్నె రెక్కల ప్లెయిన్ టైగర్ జిల్లేడుపై గ్రుడ్లు పెట్టును. ఆ ఆకులను మేసిన పురుగుకు అందలి విషమే కవచము. రెక్కలు వచ్చిన పిదపను పక్షులు సాధారణముగా దానిని ముట్టవు. గట్టుమీది జిల్లేళ్లన్నియు నరికివైచి, సీతాకోకచిలుకలు రావేమని వగచుట న్యాయమా?

పిల్లలను వెంటబెట్టుకొని వెళ్లుడు. చేతిలో వల వలదు. చిన్న పుస్తకము, పెన్సిలు చాలును.