పాలు పితుకు వేళలు – పొదుగు ఆరోగ్యము
(ఉపన్యాస పాఠము)



ఒకప్పుడు పొలములుగా నుండిన దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ ప్రాంతములు నేడు జనసమ్మర్దము గల బస్తీలైనవి. అచ్చటి గృహస్థులు తెల్లవారకమున్నే పాలు కోరుదురు. హయత్‌నగర్ వైపున పాడిని పోషించువారు వాడుకదార్ల తొందరను బట్టియో, పాలేరు వచ్చిన వేళను బట్టియో, ఒకనాడు 3 గంటలకును మఱియొకనాడు 6 గంటలకును పితికించుట సంభవించుచుండును. ఇందువలన పొదుగునకు గలుగు హానిని మనవి చేసెదను.

పాలు రేయింబవళ్లు పొదుగులో ఊరుచునే యుండును. పొదుగు నిండినకొలది లోపలి యొత్తిడి హెచ్చి ఊట మందగించును. సుమారు 16 గంటలు మించి పితుకనిచో పాడి తగ్గును. అంతకంటె గొప్ప కీడు వేఱొకటి కలదు. చన్నుకొనను సన్నని ద్వారమును, దానిని బిగించియుంచు కండరమును గలవు. పొదుగు మిక్కిలి నిండి పాలు తమంతట కారుచుండిన, ఆ తలుపు తెఱచినట్లే. పేడతో తడిసిన నేలపై పశువు పరుండగా క్రిములు లోనికి బోవును. వేళకు పితికినచో వానిలో కొన్ని పాలతోపాటు వెలికి వచ్చును. ఆలస్యమైనచో లోననే వృద్ధి పొంది పొదుగువాపు గలిగించును. వేళ తప్పుట యొక్కటే వ్యాధి గాదు. వ్యాధికి వాకిలి తెఱచుట.

ఆవు చేపినగాని పాలు దిగవు. చేపు కొలది నిమిషములు మాత్రమే నిలుచును. నిత్యమును ఒకే వేళకు, పరిచయమైన చేతితో పితికిన ఆవు సుఖముగా చేపును. అదలించినచో పాలు పొదుగులో మిగిలిపోవును.

వ్యాధి తొలిదశలో వాపు కానరాకయే పాడి తగ్గవచ్చును. కావున మొదటి ధారలను నల్లని పాత్రలో పితికి చూడుడు. తరకలు గాని, నెత్తురుచాఱలు గాని కనబడినచో వెంటనే పశువైద్యుని పిలువుడు. ఉపేక్షించినచో ఆ చన్ను శాశ్వతముగా ఎండిపోవచ్చును. మందు వాడిన పశువు పాలను వైద్యుడు చెప్పినన్ని దినములు అమ్మరాదు. రోగము గల పశువును అన్నిటికంటె చివర పితుకవలెను.

రెండు పూటలకు నడుమ 12 గంటల యెడము ఉత్తమము. వేళ మార్చవలసినచో దినదినమునకు కొంచెము కొంచెముగా మార్చుడు. పితికిన పిమ్మట చన్నుద్వారము మూసికొనుటకు కొంత కాలము పట్టును. కావున అరగంటయైనను గడ్డి వేసి పశువును నిలిపియుంచుడు.

ఎల్.బి. నగర్ ఎవరి పేర వెలసెనో, ఆ లాల్ బహదూర్ శాస్త్రిగారు 1964లో గుజరాతులోని ఆనందునకు బోయి పాల సహకార సంఘముల పనిని కన్నులార జూచిరి. 1965లో జాతీయ పాడి అభివృద్ధి మండలి యేర్పడెను. సంఘముల పద్ధతిలో రెండు పూటలును నియమితవేళకే పాలు కొలుతురు. ఆ నియమము పశువునకును మేలే.

పితుకు చేయి పాలేరుదైనను, వేళను నిర్ణయించు బాధ్యత యజమానిది. వాడుకదారుడు ఒక గడియ వేచియుండగలడు. నిండిన పొదుగు వేచియుండజాలదు. ఈ విషయమును గమనించి మీ పాడిని కాపాడుకొన ప్రార్థన.