గుంటూరులో ఆ మరుసటి ఉదయం
(వైను బప్పు స్మృతిలో చేవెళ్ళ సభలో చేసిన ఉపన్యాసం)



ఖగోళ శాస్త్రవేత్త బప్పు గారి తండ్రి హైదరాబాద్ నిజామియా వేధశాలలో పనిచేశారు. కొడుకు ఆ దూరదర్శినుల నడుమే పెరిగి, హార్వర్డ్‌లో పరిశోధన చేసి, తిరిగి వచ్చి బెంగళూరులో భారత ఖగోళ భౌతిక సంస్థను నిలబెట్టారు. సూర్యుడిని పరిశీలించే మన అంతరిక్ష నౌక ఆదిత్య ఎల్1లోని ప్రధాన పరికరం ఆ సంస్థ చేసిందే. అందుకే ఈ రోజు ఆదిత్య చరిత్రను ఎంచుకున్నాను.

ఆ చరిత్రను నేను 1868 నుంచి చెబుతాను. ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. గుంటూరులో ఫ్రాన్స్ నుంచి వచ్చిన జాన్సెన్, మచిలీపట్నంలో మద్రాసు వేధశాల అధిపతి పోగ్సన్, వనపర్తిలో అదే వేధశాలకు చెందిన చింతామణి రఘునాథాచారి పరికరాలు బిగించుకుని కూర్చున్నారు. రఘునాథాచారి పేరు మన బడుల్లో ఇంకా గట్టిగా వినపడాలి. సముద్రాలు దాటి వచ్చినవాళ్ళకైనా దక్కేది కొద్ది నిమిషాలే. మబ్బు పడితే అవీ పోయినట్టే.

సూర్యబింబం అంచున ఎగసే జ్వాలల వర్ణపట గీతలు జాన్సెన్‌కు ఎంతో ప్రకాశంగా కనిపించాయి. ఇంత వెలుగున్నవి గ్రహణం లేకపోయినా కనపడాలి కదా అనుకున్నాడు. మర్నాడు ఉదయం మళ్ళీ చూశాడు. కనపడ్డాయి! ఆ అక్టోబరులో ఇంగ్లండ్‌లో లాకియర్ కూడా సొంతంగా ఇదే సాధించాడు. గుంటూరు అనగానే అందరూ ఆ గ్రహణపు గీతల్లో జాడ దొరికిన హీలియం మాటే ఎత్తుతారు. నా దృష్టిలో అంతకన్నా గొప్పది ఆ మరుసటి ఉదయం. చంద్రుడు అడ్డు వచ్చేదాకా ఆగక్కర్లేదని తేలింది అప్పుడే.

జ్వాలలు చిక్కాయి గానీ సూర్యుడి బయటి పొర అయిన కరోనా చిక్కలేదు. బింబం వెలుగులో దాని వెలుగు సుమారు పది లక్షల్లో ఒక వంతు మాత్రమే. సూర్యుడి ఉపరితలం 5,500 డిగ్రీల సెల్సియస్ ఉంటే, పైనున్న కరోనా పది లక్షల డిగ్రీలు దాటుతుంది. పొయ్యి కన్నా దాని మీది పొగ వేడిగా ఉన్నట్టు! కారణం నేటికీ పూర్తిగా తేలలేదు. 1930 ప్రాంతంలో ఫ్రెంచి శాస్త్రవేత్త లియో కృత్రిమ గ్రహణం కల్పించే దూరదర్శిని చేశాడు. అయినా గాలి చెదరగొట్టే వెలుగు అడ్డమే.

అందుకే 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణానికి శాస్త్రవేత్తలు మళ్ళీ మన వైపు వచ్చారు. ఆ మధ్యాహ్నం జనం తలుపులు బిగించుకున్న సంగతి ఇక్కడి పెద్దలకు గుర్తుండే ఉంటుంది. గ్రహణం దారి పాలమూరు, నల్గొండల మీదుగా సాగింది. ఉస్మానియా వారి జపాల్-రంగాపూర్ వేధశాల ఆ దారిలోనే ఉంది. పాలమూరు జిల్లా పాలెంలో అమెరికా బృందం కరోనాను ఫొటో తీసింది. ఆ కెమెరాను రూపొందించింది గోర్డన్ న్యూకిర్క్. 1949లో హార్వర్డ్‌లో బప్పు గారితో కలిసి తోకచుక్కను కనిపెట్టిన విద్యార్థి ఆయనే. ఆ తోకచుక్కకు ఇద్దరి పేర్లూ, వారి గురువు బోక్ పేరూ ఉన్నాయి.

ఆదిత్యను మొదట 800 కిలోమీటర్ల ఎత్తున భూమి చుట్టూ తిప్పుదామనుకున్నారు. అక్కడైతే ఏటా కొంతకాలం సూర్యుడు భూమి చాటుకు పోతాడు. అందుకని భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, సూర్యుడి వైపున్న ఎల్1 బిందువుకు మార్చారు. అక్కడ సూర్యుడి మీంచి చూపు తిప్పాల్సిన పనే లేదు. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ-సీ57 దాన్ని మోసుకెళ్ళింది. ప్రాజెక్టు డైరెక్టర్ నిగార్ షాజీ. 2024 జనవరి 6న అది తన కక్ష్యలో చేరింది.

ఆదిత్య ప్రధాన పరికరం లోపల ఒక అద్దానికి నడుమ రంధ్రం ఉంది. బింబం వెలుగు ఆ రంధ్రం గుండా బయటికి పోతుంది. కరోనా వెలుగు మాత్రం అద్దం మీద పడి పరికరంలోకి మళ్ళుతుంది. గ్రహణం నాడు నిమిషాల్లో ముగిసిన దృశ్యం ఇప్పుడు రోజుల తరబడి నిలుస్తోంది.

బెంగళూరు దగ్గరి బైలాలులో ఉన్న ఇస్రో కేంద్రం నుంచి ఆదిత్య సమాచారం 2025 నుంచి అందరికీ అందుతోంది. చేవెళ్ళ కాలేజీలో ఒక కంప్యూటరూ, పక్కన కూర్చునే ఒక అధ్యాపకుడూ ఉంటే ఆ సమాచారాన్ని పరిశీలించే పని రేపే మొదలుపెట్టవచ్చు. ఏ ఫైలుతో మొదలుపెట్టాలో సభ అయ్యాక నన్నడగండి, కూర్చుని చూపిస్తాను.