పత్రికావిద్యయు మన యువజనులును
(నరసరావుపేటలో జరిగిన వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



విద్యానిధినిగూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్నుఁ గోరిరి. నేను పండితుఁడను గాను. చిరకాలము పత్రికా కార్యాలయములందుఁ బనిచేసిన వాఁడను మాత్రమే. కావున నాకుఁ దెలిసిన వృత్తినిగూర్చియే విన్నవించుకొందును.

గత వేసవిలో గురజాల ప్రాంతపు మన సోదరుఁడొకరు కుమార్తెను వెంటఁబెట్టుకొని మా యింటికి వచ్చిరి. ఆ బాలిక బి.ఏ. ముగించినది. విశ్వవిద్యాలయమున పత్రికారచనయు ప్రసారవిద్యయు చదువఁ గోరుచున్నది. తండ్రి, "అయ్యా! ఇంజనీరింగునకైనచో విద్యానిధివారు సాయము చేయుదురు. దీనికెవ్వరిత్తురు? వార్తలు వ్రాయుటకు చదువేల?" అని యడిగిరి. నాఁడు సరియైన బదులు చెప్పలేకపోతిని. నేఁడు మీయందఱి యెదుట చెప్ప యత్నించెదను.

ఆయన మాటలో సత్యము లేకపోలేదు. కృష్ణాపత్రికకు ముట్నూరి కృష్ణారావుగారును, ఆంధ్రప్రభకు నార్ల వేంకటేశ్వరరావుగారును సంపాదకులుగా నున్న దినములలో ఈ వృత్తికి వేఱుగా పట్టము పొందవలసిన పని లేకుండెను. కార్యాలయమే పాఠశాల; సంపాదకుఁడే గురువు. ఉస్మానియా విశ్వవిద్యాలయమున పత్రికారచనా శాఖ 1954లో నెలకొన్నది. ఢిల్లీలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాస్ కమ్యూనికేషన్ 1965లో వెలసినది. 1976లో స్థాపితమై మనకుఁ జేరువనున్న ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయమునందును ఈ విద్యకు శాఖ కలదు.

నాఁటి కార్యాలయములకు నేర్పెడి తీరిక యుండెను. నేఁడా తీరిక లేదు. వార్త పుట్టిన నిమిషముననే చేతిలోని ఫోనునకుఁ జేరుచున్నది. ఒక్కరే వ్రాయవలెను, చిత్రము తీయవలెను, దానిని కూర్పవలెను, వినిపింపవలెను, వదంతిని ఏఱివేయవలెను. ఇన్నియు నేర్చి వచ్చినవారినే యజమానులు కోరుదురు. విశ్వవిద్యాలయమున వార్తాసేకరణము, రేడియో, టెలివిజను, ప్రకటనలు, ప్రజాసంబంధములు, పత్రికాశాసనములు బోధింతురు. పరువునష్టమనఁగా నేమో, 2005 నాఁటి సమాచారహక్కు చట్టముక్రింద దరఖాస్తు ఎట్లు పెట్టవలెనో యెఱుఁగని విలేఖరివలన తనకును చేటు, తన యూరికిని చేటు.

వాక్కును అభ్యసింపవలెననుట పల్నాటికిఁ గ్రొత్త గాదు. పండ్రెండవ శతాబ్దపు పల్నాటి యుద్ధము నేఁటికిని మన కన్నులకుఁ గట్టినట్లున్నదన్నచో, అది వీరవిద్యావంతుల చలువ. వారి పేరులోనే విద్య యున్నది. పెద్దలయొద్ద కథయు రాగమును నేర్చి కారెంపూడి వీరారాధనలో పాడుదురు. అలిసెట్టి గాలెయ్యగారు పాడిన కథను ఆధారముగాఁ గొని జీన్ రోఘైర్ అను పరదేశ పండితుఁడు 1982లో ఇంగ్లీషున గ్రంథము వెలువరించెను. ఆయనకు మనము ఋణపడితిమి. కాని పాడువాఁడు మనవాఁడై, విని వ్రాయువాఁడు ఖండాంతరమునుండి రావలసివచ్చుట మనము యోచింపవలసిన సంగతి.

2022 ఏప్రిల్ 4న పల్నాడు ప్రత్యేక జిల్లా యైనది. అయినను పల్నాడన్నంతనే బయటివారికిఁ దోఁచునది కక్షలు, నాటుబాంబులు. అవి లేవని నేననను. కాని పిడుగురాళ్ల సున్నపు బట్టీలలో దుమ్ము పీల్చు కూలీల సంగతి, మిరప కోఁతలకు వలసవచ్చువారి బిడ్డల చదువు, సాగరు కాలువ చివరి పొలముల రైతు నీటికై చూచు నెదురుచూపు, ఇవి యెవరు వ్రాయుదురు? ఆ పొలముగట్లపై నడచిన బిడ్డలు వ్రాయవలెను.

నేర్పినచో ఎవరికైనను ఈ పని యలవడునని జహీరాబాదు దగ్గఱి మాచునూరు చాటినది. అచట 2008లో ఆరంభమైన సంఘం రేడియోను దళిత గ్రామీణ స్త్రీలే నడిపిరి. తమ పంటలు, తమ విత్తనములు, తమ పాటలు తమ నోటనే వినిపించిరి.

ఇఁక తండ్రులకొక హెచ్చరిక. పట్టము చేతికందినంతనే కొలువు దొరకునని నమ్మవలదు. మండల విలేఖరులలో పలువురికి నెలజీతమే లేదు. కావున బిడ్డను చేర్చుటకు ముందే, ఆ శాఖలో నిజముగాఁ బనిచేయు స్టూడియో యున్నదా, విద్యార్థులు నడుపు పత్రిక యున్నదా, చదివి వెళ్లినవారెచట నున్నారు అని విచారింపుఁడు. బిడ్డ తెలుఁగు తప్పులేకుండ వ్రాయవలెను. ఇంగ్లీషునుండి తడఁబడక తెనిఁగింపవలెను. వ్యవసాయమో, న్యాయశాస్త్రమో, లెక్కలో ఏదైన నొక్కటి లోఁతుగా నెఱిఁగియుండవలెను. అట్టివారికి పత్రికలు కాకున్నను ప్రభుత్వ సమాచారశాఖ, ఆకాశవాణి, ప్రకటనల సంస్థలు మొదలగు త్రోవలు కలవు.

చివరకొక మాట, కోపగింపవలదు. మన నిధితోఁ జదివినది గనుక ఆ బాలిక మన కులమును పొగడుచు వ్రాయవలెనని యాశించినచో, ఆ సొమ్ము ఈయకుండుటయే మేలు. మన పెద్దలు తప్పుచేసిన దినమున ఆ తప్పునుగూడ ఆమె వ్రాయవలెను. అట్లు వ్రాయఁగల బిడ్డను కన్న సంఘమునకే నలుగురిలో గౌరవము.

కావున ఏటేట ఇద్దఱు విద్యార్థులకు, అందొకతె బాలికయగునట్లు, ఈ విద్యకై విద్యానిధినుండి సాయము చేయవలెనని ప్రతిపాదించుచున్నాను. వేసవి సెలవులలో వారు మన వసతిగృహపు పిల్లలకు వార్త చదువుటయు, నిజానిజములు విచారించుటయు నేర్పవలెను. ఈ ప్రతిపాదన నెగ్గినచో గురజాల సోదరునకు నేను జాబు వ్రాసి యీ బదులు తెలుపుదును. నెగ్గకున్నచో నాఁటివలెనే నేఁడును నాకు బదులు లేదు.