ఎనుము పాలును దలాయాగారి కృషియును



ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల మెట్టసేద్య మెట్టిదో మీకుఁ జెప్పవలసిన పని లేదు. వాన తప్పినచో వేరుసెనగ పోవును. కొట్టమునఁ గట్టిన యెనుము మాత్రము మిగులును. ఆ యెనుము పాలకుఁ బరిశ్రమలో స్థానము గల్పించిన హరిచంద్ మేఘా దలాయాగారిని గూర్చి నేఁడు మేము ప్రసంగింపఁ దలఁచితిమి. వారు తెలుఁగువారు కారు. కురియన్‌గారి పేరెఱుఁగనివా రరుదు. దలాయాగారి పేరెఱిఁగినవా రరుదు. ఇది మాకు న్యాయముగాఁ దోఁపదు.

వీరిరువురును అమెరికాలోని మిచిగన్‌లోఁ జదువుకొన్న మిత్రులు. ఆనందు పట్టణమున ఖేడా జిల్లా పాలవారి సహకార సంఘము 1946 డిసెంబరు 14వ తేదీన రిజిస్టరయ్యెను. 1949లోఁ గురియన్‌గారును, పిమ్మట మిత్రుని ప్రేరణచే దలాయాగారును అచ్చటఁ గుదురుకొనిరి.

సంఘమునకు వచ్చిన చిక్కు మనకును దెలిసినదే. శీతకాలమున ఎనుములు మెండుగాఁ బాలిచ్చును; వేసవిలో నవి తగ్గిపోవును. మిగులు పాలు కొనువారు లేక రైతు నష్టపడును. పొడి చేసినఁగాని పాలు నిలువ యుండవు. అయితే ఎనుము పాలు పొడి కానేరవని పాశ్చాత్య నిపుణులు తేల్చిరి. వారి శాస్త్రమంతయు ఆవుపాలపైఁ బెరిగినది. ఆవుపాలలో వెన్న నూటికి 3, 4 పాళ్లైన, ఎనుము పాలలో 6 మొదలు 8 వఱకు నుండును. కేసీనును సున్నమును నధికము. కాఁచి చిక్కఁబఱచినచో నివి మఱింత దట్టమై యంత్రమునకు లొంగవని వారి శంక. మన కాఫీ హోటళ్లవారికి ఆ చిక్కఁదనమే కావలెను గదా!

దలాయాగారు ప్రయోగముతో బదులిచ్చిరి. రంగులు చల్లు పిచికారితోను వేడిగాలితోను మొదట చేసి చూపిరని చెప్పుదురు. చిక్కఁబఱచిన పాలను సన్నని తుంపరలుగా వేడిగాలిలోనికిఁ జిమ్మినచో నీరు క్షణములో నావిరియై పొడి క్రిందికి రాలును. 1955 అక్టోబరు 31వ తేదీన నెహ్రూగారు ప్రారంభించిన ఆనందు కర్మాగారమున ఎనుము పాలపొడి తయారయ్యెను. ప్రపంచమున నట్టిది అదియే మొదటిది. నాఁటినుండి శీతకాలపుఁ బాలను త్రిప్పి పంపవలసిన యగత్యము సంఘమునకుఁ దగ్గెను. దలాయాగారు 2004లోఁ గీర్తిశేషులైరి.

ఆ సంఘపు అమూల్ సంస్థయే 2020 డిసెంబరులో మన కడప జిల్లాలోఁ బాలు సేకరింప నారంభించెను. ఎనుము పాలకుఁ బరిశ్రమలో స్థానము గలుగుటకు వెనుక దలాయాగారి శ్రమ యున్నదని యెందఱికిఁ దెలియును?

ప్రొద్దుటూరునఁ బశువైద్య కళాశాలయు, తిరుపతిలో డెయిరీ టెక్నాలజీ కళాశాలయుఁ గలవు. మన సంఘ మిచ్చు విద్యార్థివేతనములలో నొక్కటియైనను పాడిశాస్త్రము చదువు మన పిల్లలకుఁ, బాలికలకు సయితము, ప్రత్యేకింపవలెనని ఈ సభ యెదుట ప్రతిపాదించుచున్నాము. కార్యవర్గమువారు రేపటి సమావేశమున దీనిని జర్చకుఁ దీసికొందురు గాక!