పాత స్పీకరుకు కొత్త గుడ్డ



ఫిబ్రవరి 15న సేవాలాల్ జయంతి కోసం మన కొత్తచెరువు హాస్టల్లో పాత స్పీకర్లు దించాం. ముందరి గుడ్డ ఎలుకలు కొరికేశాయి. తొందరలో దుప్పటి గుడ్డ బిగించాం. క్యాసెట్టు పెడితే అవ్వల పాటలో స, చ అక్షరాలు సరిగా వినబడలేదు. మందపు గుడ్డ సన్నని ధ్వనులను మింగేస్తుంది.

విప్పేశాం. ఊదితే గాలి సులువుగా దాటే పలుచని గుడ్డ తెచ్చాం. చట్రానికున్న పాత జిగురు గీకి, నాలుగు వైపులా మధ్య నుంచి మూలలకు సమంగా లాగి అంటించాం. లోపలి కాగితపు కోనుకు వేలు తగలనివ్వలేదు.

మన గోర్ బోలికి తరతరాలుగా గొంతే పుస్తకం. ఒక్క అక్షరం మింగుడుపడినా మాట మారిపోతుంది. ఇంట్లో పాత క్యాసెట్లుంటే పారేయకండి, తీసుకురండి. అవ్వల పక్కన కూర్చుని విందాం, అర్థాలడిగి రాసుకుందాం.